లక్ష్మణుడు లేచేదాకా

మధ్యాహ్నం రెండు గంటలకు నాటకం మొదలుపెట్టడం నాకు అదే మొదటిసారి. మా బత్తలపల్లె వైపు ఊళ్లలో రాత్రి తొమ్మిదికి తెర లేస్తే తెల్లవారుజామున హారతితో దిగుతుంది. ఇక్కడ, సరిహద్దు కొండల్లో, చీకటి పడ్డాక అగ్గిపుల్ల కూడా గీయకూడదన్నారు. ఎదుటి కొండ మీద శత్రువుల కాపలా ఉందట. అందుకని బియ్యం మూటలు పెట్టుకునే రేకుల షెడ్డు ఖాళీ చేసి, కిటికీలకు దుప్పట్లు కట్టి, పట్టపగలు చీకటి చేసి మమ్మల్ని ఆడమన్నారు.

పిలిపించినవాడు నా చెల్లెలి కొడుకు విష్ణువర్ధన్. సైన్యంలో సుబేదారు. సెలవులో వచ్చినప్పుడల్లా మా రామాయణం ఆట చూసి పోయేవాడు.

"మామా, మా జవాన్లు ఆర్నెల్లుగా రాళ్లు తప్ప ఏమీ చూడల్యా. ఒకసారి వచ్చి ఆడిపోండి. మా పై ఆఫీసర్లతో నేను మాట్లాడినా" అన్నాడు ఫోన్లో.

నలుగురం రైలెక్కాం. రాముడి వేషం నాది. నా పేరు చెన్నప్ప, నాలుగెకరాల వేరుశనగ చేను తప్ప వేరే ఆధారం లేదు. లక్ష్మణుడు గురప్ప, గొర్రెలు కాస్తాడు. ఆంజనేయుడు బయ్యన్న. హార్మోనియం కుళ్లాయప్ప. ఇంద్రజిత్తు అవసరమైనప్పుడు కుళ్లాయప్పే పెట్టె ముందునుంచి లేచి, గొంతు మార్చి, నాలుగు మాటలు అరిచి, బాణం వేసి మళ్లీ కూర్చుంటాడు. గురప్పకు యాభై ఆరేళ్లు, నాకు అరవై. మా ఊళ్లో పిల్లలు మమ్మల్ని చూసి, వీళ్లు అడవి నుంచి తిరిగొచ్చేసరికి ముసలోళ్లయినారని నవ్వుతారు.

మా ఆటకు కొన్ని నియమాలున్నాయి. మా నాయన పెట్టినవి. ఆయన పోయాక నేను కాపాడుకుంటూ వచ్చాను. వేషం కట్టేవాళ్లు తలకు స్నానం చేశాక హారతి దాకా ఏమీ తినకూడదు. రంగు మీద ఉన్నంతసేపు అబద్ధం ఆడకూడదు. అన్నిటికన్నా గట్టిది ఇంకొకటి. లక్ష్మణుడు మూర్ఛపోయాడంటే సంజీవి వచ్చేదాకా లేవకూడదు, మాట్లాడకూడదు, నోట్లో నీటి చుక్క పడకూడదు. సంజీవి అంటే మాకు బెల్లం పానకం. ఇత్తడి చెంబులో తులసాకు వేసి ఆంజనేయుడు తెస్తాడు, తన చేత్తోనే లక్ష్మణుని నోట్లో పోస్తాడు. అట్లా లేపకుండా ఆట ఆపితే ఎవరో ఒకరి ఇంట్లో తమ్ముడు పడిపోతాడని మా నాయన చెప్పేవాడు. అది ఏ పుస్తకంలో ఉందో నాకు తెలియదు. నేను అడగలేదు.

నాలుగేళ్ల కిందట ముదిగుబ్బ దారిలో మా పక్క ఊళ్లోనే ఆడుతున్నాం. ఆ ఏడు జూలై అయిపోతున్నా చినుకు లేదు. లక్ష్మణుడు పడిపోయాడు, నేను అతని తల ఒళ్లో పెట్టుకుని పద్యం ఎత్తుకున్నాను. ఉన్నట్టుండి వాన పట్టుకుంది. జనం చాపలు వదిలేసి ఆ వానలో గంతులు వేశారు. గురప్ప మాత్రం పడుకునే ఉన్నాడు. మొహం మీద చినుకులు పడుతుంటే కళ్లు తెరిచి నన్ను చూశాడు. ఇంటి ముందు వేరుశనగ విత్తనం కాయలు ఆరబోసి వచ్చాడని నాకు తెలుసు. నేనూ ఆరబోసి వచ్చాను.

"లేయప్పా. వాన వచ్చె. దేవుడే ఆట ఆపినాడు, ఏం గాదు" అన్నాను.

అతను లేచి పరుగెత్తాడు. వెనకాలే నేనూ పరుగెత్తాను. దసరా లోపలే గురప్ప తమ్ముడు ఆదెప్ప ధర్మవరం రోడ్డు మీద మోటారు సైకిలు మీదనుంచి పడి చనిపోయాడు.

ఆ మాట గురప్ప ఏనాడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను ఏదో ఒకటి చెప్పి ఉండేవాణ్ణి.

మేము బయలుదేరిన రోజు గురప్ప భార్య హనుమక్క బస్సు దాకా వచ్చింది. నా చేతికి మందుల సంచి ఇచ్చింది.

"బావా, పొద్దున్నే షుగరు మాత్ర మింగుతాడు. మింగినాక కడుపులో ఏదన్నా పడాల. లేదంటే చెమటలు పట్టి పడిపోతాడు. వానికి చెప్పినా వినడు, నీకు చెప్తాండా. మళ్లా తెచ్చి నా ముందర నిలబెట్టే పూచీ నీది."

"నాదేలేమ్మా" అన్నాను.

ఊళ్లో ఆట రాత్రి గనక పొద్దున మాత్ర, సద్ది, మధ్యాహ్నం ముద్ద అన్నీ అయ్యాకే మాకు స్నానాలు. ఇక్కడ పగటి ఆట. ఆ తేడా నా బుర్రకు తట్టలేదు. ఆరింటికి గురప్ప మాత్ర మింగడం చూశాను. ఏడింటికి, అతని కడుపులో ఏమీ పడకముందే, అందరి చేతా స్నానాలు చేయించి, హారతి దాకా ఎవరూ ఏమీ ముట్టొద్దని చెప్పింది నేనే.

షెడ్డులో అరవై మంది దాకా జవాన్లు తుపాకులు పక్కన పెట్టుకుని నేల మీద కూర్చున్నారు. తెలుగు తెలిసినవాళ్లు పదిమంది ఉంటారేమో. తెలియనివాళ్లకూ కథ తెలుసు. బయ్యన్న తోక తగిలి నూనె డబ్బాలు దొర్లితే అందరూ ఒకే భాషలో నవ్వారు. ఇంద్రజిత్తు బాణం వేశాడు. గురప్ప బాగా పడ్డాడు, ఎప్పటికన్నా బాగా. నవ్వులు ఆగిపోయాయి. బయ్యన్న గద భుజాన వేసుకుని సంజీవి కోసం వెనక తలుపు గుండా వంటశాల వైపు పోయాడు. చెంబు అక్కడ పెట్టి ఉంది.

నేను రెండో పద్యంలో ఉండగా దూరంగా కొండ మీద ధన్‌మని ఒక మోత. వెంటనే సైరన్ కూసింది.

అంతమంది అంత తొందరగా, ఒకరినొకరు తోసుకోకుండా బయటికి పోవడం నేనెక్కడా చూడలేదు. రెండు నిమిషాల్లో షెడ్డు ఖాళీ. విష్ణువర్ధన్ పరుగెత్తుకొచ్చాడు.

"మామా, ల్యాయండి. బంకర్లోకి పోవాల."

నేను లేవబోయాను. నా ఉత్తరీయం కదల్లేదు. గురప్ప పిడికిట్లో ఉంది.

"గురప్పా, ల్యాయ్" అన్నాను.

కదల్లేదు. రెప్పలు బిగించి మూసుకున్నాడు.

"రాముణ్ణి చెప్తాండా. ల్యాయ్."

కుళ్లాయప్ప హార్మోనియం చంకలో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. "మూర్ఛలో ఉన్నోనికి నీ ఆజ్ఞ యాడ వినిపిస్తాదన్నా?" అన్నాడు. వేళాకోళానికి అన్నాడో నిజంగానే అన్నాడో అతనికే తెలియాలి.

ఇంకొక మోత వినిపించింది, మొదటిదాని కన్నా దగ్గరగా. రేకులు గలగలమన్నాయి.

"ఏమప్పా ఇది? ఈడ ఒకటి పడిందంటే ఈ షెడ్డు కాగితం మాదిరి ఎగిరిపోతాది. ఆయప్ప ఏం చేస్తాండాడు?" అన్నాడు విష్ణువర్ధన్.

"లేయడు. నాలుగేండ్ల కింద ఒకసారి లేసినాడు. నేనే లేపినా" అన్నాను.

విష్ణువర్ధన్‌కు ఆదెప్ప సంగతి తెలుసు. ఒక్క క్షణం నా మొహం చూసి, బయటికి కేకేసి ఇద్దరు జవాన్లను పిలిచాడు. వాళ్లలో పొడుగ్గా ఉన్న పిల్లవాడు, హర్యానా వాడు, దెబ్బ తగిలిందా అని హిందీలో అడిగాడు. కదిరి సంతలో ఉర్దూ విన్న చెవులు గనక నాకు అర్థమైంది. లేదు, సంజీవి రావాలి అన్నాడు విష్ణువర్ధన్. ఆ పిల్లవాడు నవ్వలేదు. సరేనని తలాడించి గురప్ప చంకల కింద చేతులు వేశాడు. ఇంకొకడు కాళ్లు పట్టుకున్నాడు. నేను తల పట్టుకున్నాను, కిరీటం జారకుండా. అట్లా రాముడూ ఇద్దరు సిపాయిలూ కలిసి లక్ష్మణుణ్ణి మోసుకుంటూ మట్టి దారిలో పరుగెత్తాం.

బంకరంటే ఇసుక మూటలు పేర్చిన గుహ లాంటిది. లోపల ఎనిమిది మంది జవాన్లు మూటలు వీపున కట్టుకుని తయారుగా ఉన్నారు, గురప్పను మోసిన ఇద్దరితో కలిపి. నాలుగింటికి వాళ్లు కొండ మీద కాపలాకు ఎక్కాలి. ఏమైనా సరే ఎక్కాల్సిందే, పైన ఉన్నవాళ్లు దిగాలి గనక. నాటకం ఆ వేళకు పెట్టింది కూడా వీళ్లు హారతి కళ్లకద్దుకుని పోతారనే.

బయ్యన్న వంటశాల పక్క బంకర్లో చిక్కుకున్నాడు. ఇక్కడికి రెండు వందల అడుగులు. విష్ణువర్ధన్ వైర్లెస్‌లో మాట్లాడి చెప్పాడు.

"బాగుండాడు మామా. చెంబు వంటోని చేతికి కూడా ఇయ్యకుండా పట్టుకొని కూచున్నాడంట. సైరన్ మళ్లా కూసేదాకా కదలొద్దని చెప్పినా."

హనుమంతుడు ఎప్పుడొస్తాడని ఒక జవాను హిందీలో అడిగాడు.

"ఎగిరొచ్చే వయసులో అయితే ఈపాటికి వచ్చుండాల. ఆయప్పకు మోకాళ్ల నొప్పులు" అన్నాడు కుళ్లాయప్ప. విష్ణువర్ధన్ అది హిందీలో చెప్పాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. బయట మళ్లీ మోత. నవ్వు ఆగింది.

నేను గురప్ప తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపని కూర్చోను? కాలు తిమ్మిరెక్కుతోంది, కదిపితే అతని తల కదులుతుంది. విష్ణువర్ధన్ చేతి గడియారం చూస్తే మూడుంబావు. కాసేపయ్యాక చూస్తే మూడు ఇరవై. చలి ఎముకల్లోకి దిగుతోంది. అంత చలిలో గురప్ప నుదుటి మీద నీళ్లు చూశాను. చెవుల దగ్గర రంగు కరిగి మెడ మీదికి కారుతోంది.

ఉత్తరీయం లాగి చూశాను. వచ్చేసింది. పిడికిలి వదులైపోయింది.

"గురప్పా, ఆట పక్కన పెట్టు. ఒక్క మాట చెప్పు. మాత్ర సంగతేనా?"

జవాబు లేదు. జవాబు చెప్పకూడదని నేర్పింది మేమే. ఆడుతున్నాడా, నిజంగానే మూర్ఛపోయాడా? ముప్పై ఏళ్లుగా ఆ మూర్ఛ చూస్తున్నాను. ఎంత గట్టిగా పడుకున్నా ఎడమకాలి బొటనవేలు ఒకటి ఆడుతూ ఉంటుంది అతనికి. చూశాను, ఆడటం లేదు. కుళ్లాయప్ప వంగి ఆ వేలు గిచ్చాడు. అప్పుడూ ఆడలేదు.

"అన్నా, ఇది ఆట గాదు" అన్నాడు.

హనుమక్క చెప్పిందంతా విష్ణువర్ధన్‌కు చెప్పాను. డాక్టరు దిగువ బంకర్లో ఉన్నాడు, ఈ కాల్పుల్లో రాలేడన్నాడు. వైర్లెస్‌లో ఆయన్ని అడిగి, తీపి ఏదైనా కొంచెం నీళ్లతో తడిపి బుగ్గ లోపల రుద్దండి, నీళ్లు పోయొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది అన్నాడని చెప్పాడు. పొడుగు పిల్లవాడు కోటు లోపలనుంచి ఒక కాగితం పొట్లం తీశాడు. బెల్లం ముక్క. ఇంటినుంచి తెచ్చుకున్నదట. వాళ్ల నాన్నకూ షుగరేనట.

నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్పాలి. నేను ఆలోచించాను. ఈ ఎనిమిది మందీ ఇంకో అరగంటలో కొండ ఎక్కుతారు. వీళ్లలో ఏ ఒక్కడైనా ఎవరికో తమ్ముడే కదా. ఒకసారి దేవుడే ఆపాడని సొంతంగా తీర్పు చెప్పినవాణ్ణి నేను. మళ్లీ ఇంకొకసారి చెప్పమంటున్నాడా?

"అన్నా, పానకం చేసేది కూడా బెల్లంతోనే గదా" అన్నాడు కుళ్లాయప్ప.

"ఆంజనేయుని చెయ్యి కాదు కదప్పా."

"అట్లయితే హనుమక్కకు ఆ మాటే చెప్దువు పో."

నా వేలు బెల్లం మీద దానంతటదే నలపడం మొదలుపెట్టింది. ఆ పిల్లవాడు సీసా మూతలో రెండు చుక్కలు నీళ్లు పోసిచ్చాడు. గురప్ప బుగ్గ పక్కకు లాగి లోపల రుద్దాను. స్వామీ, తప్పయితే నా మీద వేసుకో, ఈ పిల్లల జోలికి పోవద్దు అనుకున్నాను. ఏ స్వామికి చెప్పుకుంటున్నాను? స్వామి వేషంలో ఉన్నది నేనే. మళ్లీ రుద్దాను. మళ్లీ రుద్దాను.

పది నిమిషాలు గడిచాయి. ఏమీ లేదు. పావుగంట గడిచింది. వైర్లెస్‌లో ఏదో వినిపించింది, ఎనిమిది మందీ లేచారు. నడుములు బిగించుకుంటున్నారు. అప్పుడు కుళ్లాయప్ప నా మోచెయ్యి పొడిచాడు. ఎడమకాలి బొటనవేలు ఆడుతోంది.

గురప్ప గుటక వేశాడు. కళ్లు తెరిచి పైనున్న దూలాలు చూశాడు, నన్ను చూశాడు.

"బయ్యన్న వచ్చినాడా?"

వచ్చి పోయాడంటే అయిపోయేది. కుళ్లాయప్ప అదే చెప్పమని కళ్లతో సైగ చేస్తున్నాడు. నా మొహం మీద ఇంకా రంగు ఉంది.

"రాలేదప్పా. బెల్లం నేనే పెట్టినా."

గురప్ప తలుపు దగ్గర వరుసగా నిలబడ్డ జవాన్లను చూశాడు. మళ్లీ తల నా ఒళ్లో సర్దుకున్నాడు.

"ఇంకొంచెం పెట్టు. గుండె దడదడమంటాండాది" అన్నాడు. పెట్టాను. మింగాడు. "నియమం నేర్పినోడివి నువ్వే. బయ్యన్న రానీ" అని కళ్లు మూసుకున్నాడు.

"ఏమప్పా, వీళ్లు పోతాండారు. ఒకసారి లేసి కనపడు" అన్నాడు విష్ణువర్ధన్. గురప్ప లేవలేదు. పొడుగు పిల్లవాడు వంగి అతని పాదాలు తాకి కళ్లకద్దుకున్నాడు. అడుగుల చప్పుడు ఇసుక మూటల అవతలికి పోయింది.

నాలుగూ నలభైకి సైరన్ మళ్లీ కూసింది. బయ్యన్న వగరుస్తూ వచ్చాడు. తోక సగం ఊడి వేలాడుతోంది. అరచెయ్యి మూతగా పెట్టిన చెంబులో సగమే మిగిలింది.

"ఈయప్ప మూతికి ఏముండాది?" అన్నాడు.

"తర్వాత చెప్తా. ముందు పొయ్యి."

పోశాడు. లక్ష్మణుడు లేచాడు. కుళ్లాయప్ప పెట్టె తెరిచి మంగళం అందుకున్నాడు. హారతి వెలిగించి చుట్టూ చూస్తే విష్ణువర్ధన్, వంటవాడు, కాపలా జవానొకడు. అంతే. ఎవరి కోసం వెలిగించామో వాళ్లు అప్పటికే కొండ సగం ఎక్కి ఉంటారు.

తిరుగు ప్రయాణంలో మూడు రోజులు గురప్ప ఆ మాట ఎత్తలేదు. నేను వేళకు అతని నోట్లో ఏదో ఒకటి కుక్కుతూనే వచ్చాను. గుంతకల్లులో రైలు ఆగినప్పుడు అడిగాడు.

"అన్నా, వాళ్లు పోయినాక లేసింది చెల్లుతాదా?"

"నాకు తెలీదప్పా."

"నాయన ఉంటే ఏమనేటోడు?"

"నాయన మాదిరే నేనూ ఉండుంటే నువ్వు ఈ రైల్లో ఉండవు."

"అదీ నిజమేలే" అన్నాడు.

హనుమక్క ముందు నిలబెట్టాను. పూచీ తీరింది. కానీ నాకు నిద్ర పట్టేది కాదు. గురప్ప రోజూ గొర్రెలు తోలుకుని మా చేని మీదుగా పోతూ, ఫోన్ వచ్చిందా అని అడిగేవాడు. రాలేదనేవాణ్ణి. సరే అని పోయేవాడు. కొండ మీద ఫోన్లు ఉండవని ఇద్దరికీ తెలుసు.

ఆట ఆడిన పందొమ్మిదో రోజు విష్ణువర్ధన్ ఫోన్ చేశాడు.

"ఎనిమిది మందీ దిగినారు మామా. అందరూ బాగుండారు. ఆ పొడుగు పిల్లోడు దిగీ దిగంగానే నా కాడికొచ్చి ఒకటే అడుగుతాండాడు, లక్ష్మణుడు లేసినాడా అని. పైన పందొమ్మిది దినాలూ అదే ఆలోచనంట వానికి."

గురప్ప పక్కనే ఉన్నాడు. ఫోన్ అతని చేతికిచ్చాను. విష్ణువర్ధన్ అతనికీ అదంతా మళ్లీ చెప్పాడు.

"లేసినాడని చెప్పు నాయనా" అన్నాడు. "వాని పేరు ఏమో కనుక్కో."

హారతి చెల్లింది కాబట్టే దిగారంటాడు గురప్ప. వాళ్లు పోయేటప్పుడు నువ్వు ఇంకా బెల్లమే చప్పరిస్తున్నావు కదా అంటాను నేను. ఏది ఎవరిని కాపాడిందో నాకు తెలియదు. ఒక నియమం మాత్రం మార్చాను. లక్ష్మణునికి ముద్ద పెట్టాకే రంగు వేస్తాం. మీ నాయన ఉంటే ఒప్పుకునేవాడా అని ఊళ్లో పెద్దవాళ్లు ఒకరిద్దరు గొణిగారు. ఒప్పుకునేవాడు కాదేమో.

ఆషాఢంలో మా ఊళ్లోనే ఆడాం. గురప్ప మాత్రల కోసం ఆట కూడా సాయంత్రం నాలుగింటికే పెట్టాం. చినుకు లేక అప్పటికి నెలన్నర. ఇంద్రజిత్తు బాణం వేశాడు, లక్ష్మణుడు పడ్డాడు, బయ్యన్న సంజీవికి పోయాడు. నేను తల ఒళ్లో పెట్టుకున్నాను. పడమటినుంచి చల్లగాలి వచ్చింది. తలెత్తి చూస్తే కదిరి వైపునుంచి నల్లగా మబ్బు. ఒక చినుకు నా చేతి మీద పడింది. ఇంకొకటి గురప్ప నుదుటి మీద పడి రంగులో గీత గీసింది.

జనం పైకి చూశారు. తర్వాత ఎవరి ఇంటి వైపు వాళ్లు చూశారు. మా ఇంటి ముందు రెండు మూటల విత్తనం కాయలు ఆరబోసి ఉన్నాయి. నా మోకాలు దానంతటదే లేవబోయింది.

ఉత్తరీయం కదల్లేదు. గురప్ప పట్టుకుని ఉన్నాడు, కళ్లు మూసుకుని. బొటనవేలు ఆడుతోంది. ముందు వరుసలో హనుమక్క కొంగు తల మీదికి లాక్కుని, లేవబోతున్న ఆడవాళ్లను చేత్తో కిందికి నొక్కింది.

నాలుగు చినుకులు పడ్డాయి. అంతే. మబ్బు మమ్మల్ని దాటుకుని ధర్మవరం వైపు పోతోంది. ఎవరూ కదల్లేదు. బయ్యన్న ఇంకా కనిపించలేదు. నేను అదే పద్యం మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను.